ప్రార్థన గదిలో బొటనవేలంత సందు

రాక్షస నామ సంవత్సరం, వైశాఖం. దొరల లెక్కలో పద్దెనిమిది వందల యాభై అయిదు. అమలాపురం బజారులో మా నాన్నగారి బెల్లం, మిరపకాయల కొట్టుకు ఆనుకుని నేను చెక్కసామాను కొట్టు తెరిచి నాలుగేళ్ళయింది. గోదావరి మీద ఆనకట్ట లేచి, కొత్త కాలవల్లో నీళ్ళు పారడం మొదలయ్యాక, రాజమహేంద్రవరంలో కొన్న టేకు దుంగలు పడవ మీద మా వెనక రేవుకే వచ్చి ఆగేవి. నాకు ఉలి పట్టడం రాదు. ఇప్పటికీ రాదు. నాకు వచ్చిందల్లా మాట. దుంగ అమ్మేవాడి దగ్గర దానికి లేని పగుళ్ళు చూపించడం, కొనేవాడు వస్తే సామానుకు ఉన్న పగులు మీద చెయ్యి ఆనించి నిలబడడం, ఈ రెండూ పాకే వయసులోనే మా కొట్టులో నేర్చుకున్నాను. మధ్యలో అసలు పని వీరాచారిగారిది. ఆయన మా వడ్రంగి. ఇనప మేకు కొట్టడమంటే చేతకానితనం అనేవాడు. ఒక చెక్కకు నాలిక తీసి, రెండో చెక్కకు బెజ్జం తొలిచి, రెండూ దిగేస్తే ఏనుగు ఎక్కినా ఊడకూడదు. ఆ నాలికను కుసి అంటారు. వీరాచారిగారి కుసి ఊడగా నేను చూడలేదు.

ఈ వ్యాపారం తెలియనివాళ్ళకు ముందుగా ఒక సంగతి చెప్పాలి. కరణంగారి కుర్చీ ఒక ఎత్తు. ఆయన ముందు కూర్చునే రైతుకు వేసే ముక్కాలిపీట ఒక ఎత్తు. భోజనాల పీట బెత్తెడు. కొందరికి అసలు ఏ ఎత్తూ లేదు, నేలే. ఇది ఎక్కడా రాసి ఉండదు, వడ్రంగి కొలతకర్రకు మాత్రం తెలుసు. బెంచీ అనేది అప్పటికి మా వైపు కొత్త సరుకు. కచేరీలో ఒకటి, దొరల బడిలో నాలుగు ఉంటే ఉండేవి. ఒకే పలక మీద నలుగురు కూర్చోవడమంటే మావాళ్ళకు గుండె దడ. పలక ఒకటే అయితే ఒకరి మైల దాని మీదుగా పక్కవాళ్ళకు పాకుతుందని నమ్మేవాళ్ళం. చాపకూ అదే లెక్క. అందుకే మా కొట్టులో పీటలు ఎన్ని కావాలన్నా ఉండేవి గానీ, పొడుగు పలకల సామాను ఉండేది కాదు.

అలాంటి కొట్టుకు యోహాను పంతులు వచ్చాడు. రాజోలు దగ్గర ఓ ఊళ్ళో, ఊరు ముట్టుకోనివాళ్ళ పేటలో పుట్టినవాడు. దొరల బడిలో చదువుకుని, ఆ మతంలో కలిసి, పిల్లలకు అక్షరాలు చెబుతున్నాడు. మా అరుగు మెట్టు ఎక్కకుండా వీధిలో ఎండలోనే నిలబడ్డాడు. నేనూ ఎక్కమనలేదు. అతన్ని ఎలా పిలవాలో నాకు తోచలేదు. ‘ఒరే’ అందామంటే పైన కోటు ఉంది. ‘గారు’ అందామంటే నోరు రాదు. ఆ బేరం మొత్తం ఏ పిలుపూ లేకుండా గాలిలోకి మాట్లాడి నెట్టుకొచ్చాను.

“ఒక గది ఉందండి, శెట్టిగారండీ. గదంటే నాలుగు గోడలూ, పైన తాటాకూనండి. లోపల కూర్చుని ప్రార్థన చేసుకునేలాగా సామాను కావాలండి.”

“ఎంతమంది?”

“పదిహేనుగురండి. వాన లేకపోతే ఇరవైమందండి.”

“గది ఎలా ఉండాలి?”

“నెమ్మదిగా ఉండాలండి. లోపలికొచ్చిన మనిషికి గుండె కుదుటపడాలండి.”

మా కొట్టులో ఆ సరుకు ఎప్పుడూ లేదు. అయినా లేదనడం మా ఇంటా వంటా లేదు. “భేషుగ్గా చేయిస్తాను. తలుపు మీద రెండు హంసలు చెక్కిస్తాను. వాటి మధ్య ఒక పద్మం.”

“వద్దండి.”

“పోనీ హంసలొద్దు. చిలకలు?”

“చిలకలూ వద్దండి.”

“లతలైనా పెట్టిస్తాను. చుట్టూ ఒక్క వరస. మరీ బోడిగా ఉంటే చూసినవాళ్ళు నన్ను తిడతారు.”

“బోడిగానే కావాలండి. గోడకి సున్నం, కిటికీ తోట వైపు, చదివే పుస్తకానికో వాలుబల్ల. మా బడి దొరగారు దాన్ని పుల్‌పిట్ అంటారండి. నిలబడి చదివేవాడి ముందుండేదండి. కిందకి కొబ్బరిపీచు పట్టా. గోడకో కర్ర సిలువ. అంతేనండి.”

“ఏమీ లేకుండా చెయ్యాలంటే పని ఎక్కువ. పువ్వు చెక్కితే దాని కింద తప్పు దాక్కుంటుంది. నున్నటి చెక్క మీద దాక్కోడానికి చోటేదీ?” అన్నాను. బేరానికి అన్న మాటే గానీ అది నిజం. ఎంత నిజమో తర్వాత తెలిసింది.

అప్పుడు అతను అసలు సంగతి చెప్పాడు. చెబుతున్నంతసేపూ కోటు గుండీని తిప్పుతూనే ఉన్నాడు.

“మా అమ్మ ఉందండి. పేరు మరియమ్మ. మూడేళ్ళ నుంచి ప్రార్థనకి వస్తోందండి. ఇన్నాళ్ళూ వెంకన్నగారి కొబ్బరితోటలో పాక వేసుకుని చేసుకునేవాళ్ళమండి. వెంకన్నగారు మోతుబరి రైతు. వారూ, వారి ఇంట్లోవాళ్ళూ మాతో కలిసేరు. స్థలం వారిదే. మా అమ్మేమో పాకలోకి రాదండి. చూరు కింద నిలబడి వింటుంది. వానొచ్చినా అక్కడే. లోపలికొచ్చి కూర్చోమంటే, వెంకన్నగారి ఎదురుగా నేను కూర్చోవడమేంట్రా, నీకు మతి పోయిందా అంటుందండి. నేను లోపల నిలబడి దేవుడి ముందు అందరూ ఒకటే అని చదువుతాను. బయట మా అమ్మ తడుస్తూ ఉంటుంది. నాలిక తిరగదండి.” గుండీ ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని జేబులో వేసుకున్నాడు. “ఆవిడ లోపలికొచ్చి కూర్చోవాలండి. ఆ ఒక్కదాని కోసమే ఈ గది. బెంచీ ఒకటే పలక చెయ్యండి. తలుపు నుంచి పుల్‌పిట్ దాకా అతుకు ఉండకూడదు. ఎవరి చోటు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ అయిపోతుందో చూసినవాళ్ళకి తెలీకూడదండి.”

ఆడవాళ్ళకు ఒక గోడ వెంట, మగవాళ్ళకు ఎదుటి గోడ వెంట, రెండు పొడుగు బెంచీలు. సరేనన్నాను.

కొలతలకు నేనూ వీరాచారిగారూ పడవ మీద వెళ్ళాం. కాలవ గట్టు మీద, పంతులు వాళ్ళ ఊరికీ పేటకూ మధ్య ఉంది ఆ గది. తడి సున్నం వాసన. తోట గాలికి కొబ్బరాకులు కిటికీ పక్కనే గలగలమంటున్నాయి. వీరాచారిగారు లోపలికి రాను, గుమ్మం నుంచే చెబుతాను అన్నాడు. దాంతో కర్ర పట్టుకుని కొలిచింది నేను. అందుకే రెండుసార్లు తప్పు కొలిచాను. తిరిగి వెళ్ళేటప్పుడు ఇద్దరం కాలవలో మునిగి, తడిబట్టలతో పడవెక్కాం. ఆ రెండు నెలల్లో నేను వేసినన్ని మునకలు పుష్కరాలకు కూడా వేసి ఉండను. ఒళ్ళు శుభ్రమైంది గానీ, మనసు ఒక్కరోజూ కుదురుగా లేదు. బజారులో ఎవరు నవ్వినా నా గురించే అనిపించేది.

ఆ కొలతల రోజునే వెంకన్నగారు నన్ను తోటలోకి పిలిచి, ఒక చెట్టుకు చేరబడి, చాలాసేపు దగ్గారు.

“శెట్టిగారూ, బెంచీ ఒకే పలకంటున్నాడు పంతులు.”

“మరేనండి.”

“నేను దేవుణ్ణి నమ్మేనండి. అందులో తేడా లేదు. ప్రార్థనంటే మా ఆవిడ నాకంటే ముందుంటుంది. అయితే మా అన్నదమ్ములు నలుగురు ఊళ్ళో ఉన్నారు. ఇప్పటిదాకా పెళ్ళిళ్ళలో నాకు పంక్తిలో విస్తరి వేస్తున్నారు. గదిలో పేటవాళ్ళ పక్కన కూర్చున్నాడంటే సర్దుకుంటారేమో. ఒకే పలక మీద కూర్చున్నాడని తెలిస్తే మాత్రం...” ఆయన కొబ్బరి మట్టను కాలితో అటూ ఇటూ నెట్టారు. “మధ్యలో కాస్త సందు పెట్టించండి. జానెడు.”

నాకు ఇద్దరూ కావాలి. ఒకరిది ఆర్డరు, ఒకరిది స్థలం. అలాంటప్పుడు నా బుర్ర పాదరసంలా పనిచేస్తుంది. ఆ రోజు పనిచెయ్యకుండా ఉంటే బాగుండేది.

“జానెడైతే గుడ్డివాడికి కూడా కనిపిస్తుందండి. పంతులు ఒప్పుకోడు.”

“పోనీ బెత్తెడు.”

“బెత్తెడైనా పిల్లల కాళ్ళు ఇరుక్కుంటాయండి. మీకు కావలసింది పలక వేరవడమేగా? వేరవడానికి వెంట్రుకంత చాలు. బొటనవేలంత పెడతాను. కాళ్ళు కూడా దేనివి దానికే. చూడ్డానికి ఒకటే బెంచీ. లెక్కకి రెండు.”

“బొటనవేలంతేనా?” అని ఆయన తన వేలు చూసుకున్నారు. తర్వాత, “ఆయ్, సరేనండి,” అన్నారు.

జానెడు నుంచి బొటనవేలికి దింపానని పడవలో నాకు నేనే మెచ్చుకున్నాను. పంతులుకు ఒకే వరస బెంచీ, వెంకన్నగారికి పంక్తిలో విస్తరి, నాకు ఇద్దరి దగ్గరా మంచి పేరూ.

రెండు బెంచీల పలకలూ కొయ్యమన్నప్పుడు వీరాచారిగారు రంపం కింద పెట్టేశాడు. ఆ పలకల కోసం దుంగను నేనే పడవ పంపి తెప్పించాను. ముడి లేదు, వంకర లేదు, అంత పొడుగు. చిత్రిక పట్టాక తేనె రంగులోకి తిరిగింది.

“దీన్ని మధ్యకి కొయ్యాలా?”

“కొయ్యాలండి ఆచారిగారూ.”

“పంతులడిగితే ఏం చెబుతారు?”

“వానాకాలం చెక్క పొంగుతుంది, సందు లేకపోతే పలక లేచిపోతుందని చెబుతాను.”

“చెక్క వెడల్పున పొంగుతుందండి శెట్టిగారూ. పొడుగునా పెరగడం నా తాత కూడా చూసి ఉండడు.”

“పంతులుకి తెలియదుగా.”

“తెలీదు. నాకు తెలుసు, మీకు తెలుసు.” ఆయన రంపం ఎత్తాడు. “కోసిన అంచులు మాత్రం నున్నగా చేస్తాను. దానికి అడ్డు చెప్పకండి.”

పంతులు వారానికోసారి నడిచి వచ్చేవాడు. ఒకసారి పుల్‌పిట్ రెండు వేళ్ళు తగ్గించమనేవాడు, మళ్ళీ వచ్చి పెంచమనేవాడు. సిలువకు పనస బాగుంటుందా, టేకు బాగుంటుందా అని అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోయేవాడు. సందు సంగతి చెప్పినప్పుడు నా మొహంలోకి చూసి, “మీకు తెలిసిన పనండి. మీరంటే మరింకేం,” అన్నాడు. అంత సులువుగా నమ్మే కొనుగోలుదారును నేను అంతకుముందు చూడలేదు. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఆ సాయంత్రం మా నాన్నగారి కొట్టులో తూకం వెయ్యబోయి మిరపకాయల్లో బెల్లం వేశాను.

జ్యేష్ఠం చివర సామాను పడవకెక్కింది. శనివారం అంతా అమర్చాం. ఇప్పుడు రాస్తూ కూడా ఒప్పుకుంటాను, అది మంచి గది. తెల్లటి గోడల మధ్య తేనె రంగు బెంచీలు రెండు. కింద పీచు పట్టా ఉండడం వల్ల అడుగు చప్పుడు వినపడదు. కిటికీకి నేతవాళ్ళ దగ్గర తెచ్చిన పలచటి తెర. దాని గుండా తోట ఆకుపచ్చగా గోడ మీద కదులుతుంది. పనసచెక్క సిలువకు ఏ మెరుగూ లేదు. ఎక్కడా పువ్వు లేదు, చిలక లేదు. లోపల నిలబడితే మాట దానంతటదే తగ్గిపోతోంది. నేను మాత్రం ఒక్క క్షణం నిలబడలేకపోయాను. కనబడకూడదని చేయించిన సందు నాకు గదంతా కనిపిస్తోంది. దాని మీద తువ్వాలు పరిచాను, తీశాను, మళ్ళీ పరిచాను.

“తువ్వాలెందుకండీ?” అన్నాడు పంతులు.

“దుమ్ము పడుతుందని,” అన్నాను. అతనే తీసి మడిచి నా చేతికిచ్చాడు.

ఆదివారం పొద్దున దొరగారు వస్తారని చెప్పారు. ఆయన కంట్లో పడితే మరో నాలుగు గదుల పని దొరక్కపోదని నేనూ వీరాచారిగారూ ఉండిపోయాం. నేను గుమ్మం లోపలి పక్కన, ఆయన వెలుపలి పక్కన. దొరగారి పడవ ఆలస్యమైంది. జనం వచ్చేశారు. వెంకన్నగారు మగవాళ్ళ బెంచీ ముందు సగంలో కూర్చున్నారు. ఆయన భార్య సూరమ్మగారు ఆడవాళ్ళ బెంచీ ముందు సగంలో. పేటవాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అయినా వాళ్ళు వెనక సగంలోనే కూర్చున్నారు. నా లెక్క కుదిరింది.

అప్పుడు పంతులు బయటికి వెళ్ళి తల్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. పొట్టి మనిషి, ఎండిన కొబ్బరి చిప్పలా గట్టిగా ఉంది. ఉతికిన ముతక చీర. గడప దగ్గర ఆగింది. కొడుకు చెయ్యి వదల్లేదు. ఆవిడ గడప దాటింది. పంతులు మొహం అప్పుడు చూడాలి మీరు. నేను చూశాను, అందుకే మర్చిపోలేకపోతున్నాను.

ఆవిడకు చెక్క నచ్చింది. కూర్చోకుండా, ఖాళీ ఉన్న మేర అరచేతిని పలక మీద ఆనించి, వెనక నుంచి ముందుకు రాస్తూ నడిచింది. “ఎంత నున్నగా ఉందిరా, నెయ్యిలాగా,” అంది. సగం దూరం వెళ్ళేసరికి చెయ్యి ఆగింది. బొటనవేలు సందులో దిగింది. ఆవిడ వంగి కింద కాళ్ళు చూసింది. ఇటువైపు నాలుగు, అటువైపు నాలుగు. పంతులుకు రెండు నెలల్లో తెలియనిది ఆవిడకు రెండు క్షణాల్లో తెలిసింది. జన్మంతా తన చోటు ఎక్కడ ఆగుతుందో చూసుకుంటూ నడిచిన మనిషి మరి. నా వైపు తిరిగింది.

“ఇక్కడిదాకానా, బాబూ?”

కోపం లేదు ఆ గొంతులో. కొట్టు దగ్గర సరుకు హద్దు అడిగినట్టు అడిగింది. ఆవిడ కొడుకు చెయ్యి మెల్లగా విడిపించుకుని, వచ్చిన దారినే గడప దాటి, చూరు కిందికి వెళ్ళిపోయింది.

పంతులు పుల్‌పిట్ దగ్గరికి వెళ్ళి పుస్తకం తెరిచి, మూసి, నా దగ్గరికొచ్చాడు.

“శెట్టిగారండీ. వానలకి చెక్క పొంగుతుందన్నారు.”

అబద్ధం నాలిక మీదే ఉంది. పక్కన గుమ్మం అవతల వీరాచారిగారు నా మొహంలోకే చూస్తున్నాడు. “పొడుగునా పొంగదు, పంతులుగారూ,” అన్నాను. “అబద్ధం చెప్పేను. ఆ సందు నేనే పెట్టించేను. రెండు వైపులా సరిపోతుందని...”

“మీరొక్కరే ఏమీ కాదు,” అన్నారు వెంకన్నగారు. లేచి నిలబడ్డారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “నేనడిగేను, పంతులూ. నేనే అడిగేను.”

సూరమ్మగారు భర్త వైపు చూసిన చూపు నేను చెప్పలేను. ఆవిడకు ఆ సంగతి తెలియదు.

బయట చూరు కింద నుంచి గొంతు వినిపించింది. “ఎంతడిగేరండీ, వెంకన్నగోరూ?”

ఆయన కిటికీ వైపు తిరిగి, “జానెడు,” అన్నారు.

“మరి ఇది బొటనేలంతే ఉందిగా?”

“శెట్టిగారు దింపేరు.”

బయట ఆవిడ నవ్వింది. పెద్దగా, దగ్గు వచ్చేదాకా నవ్వింది. “ఓరి నాయనో! జానెడుని బొటనేలికి దింపేరా! గట్టి బేరమేనండి సెట్టిగోరూ, మీది!” ఆ నవ్వుకు పేట ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం చెంపదెబ్బ తిన్నట్టుంది.

ఆవిడ మళ్ళీ గడపలోకి వచ్చింది. ఈసారి ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. “మా అమ్మని ఈ తోట గట్టు ఎక్కనిచ్చేవోరు కాదండి. నేను చూరు దాకా వచ్చేను. ఇప్పుడు బొటనేలంత మిగిలింది. దానికోసం నా కొడుకు మొహం అలా పెడితే నేను చూడలేనండి.” తిన్నగా నడిచి, చీర సర్దుకుని, సరిగ్గా ఆ సందు మీద కూర్చుంది. సగం ఈ పలక మీద, సగం ఆ పలక మీద. సందు కనిపించకుండా పోయింది.

సూరమ్మగారు కొంగు దగ్గరికి లాక్కున్నారు. అలవాటు, చెయ్యి దానంతటదే చేసిన పని. లేచిపోతారనుకున్నాను. వెంకన్నగారు కూడా అదే అనుకుని ఉంటారు, నిలబడే ఉన్నారు. సూరమ్మగారు ఎదటి గోడ చూస్తూ, “అక్కడ అంచు గుచ్చుకోదూ? ఇటు జరగరాదూ?” అన్నారు.

“ఎటమ్మా?”

“ఇటే. నా వైపు.”

“అంచు బాగా నున్నగా చేసేరమ్మా, గుచ్చుకోవట్లేదు,” అంది మరియమ్మ. “నేను జరిగితే మళ్ళీ సందు కనపడుద్దండి. ఇక్కడే ఉంటాను.”

గుమ్మం అవతల వీరాచారిగారు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

పంతులు పుస్తకం తెరిచాడు. చదవలేకపోయాడు. పేట వాళ్ళలో ఒకామె పాట ఎత్తుకుంటే అందరూ అందుకున్నారు. వెంకన్నగారు పాట మధ్యలో బయటికి వెళ్ళి, కాలవ గట్టు మీద అటూ ఇటూ తిరిగి, పాట అయిపోయేలోగా వచ్చి కూర్చున్నారు. ఎక్కడ కూర్చోవాలో ఆయనకు తోచినట్టు లేదు. వెనక సగం చివర ఖాళీ ఉంటే అక్కడ కూర్చున్నారు.

అప్పుడు నాకు కనిపించింది. మరియమ్మ పాదాలు నేలకు అందడం లేదు. పట్టాకు పైన గాలిలో వేలాడుతున్నాయి. ఆవిడ వాటిని ఒకదాని మీద ఒకటి వేసుకుని దాచుకుంటోంది. బెంచీ ఎత్తు వెంకన్నగారి మోకాలికి కొలిచింది. గది కొలిచాను, గోడ కొలిచాను, సందు వేలు పెట్టి కొలిచాను. ఎవరు కూర్చోవాలని ఈ గది కట్టారో ఆ మనిషి మోకాలెత్తు ఎంతో ఒక్కసారీ అడగలేదు.

కూర్చోమని పంతులు నాకు సైగ చేశాడు. కూర్చోలేదు. అంత మంచివాణ్ణని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. కాళ్ళు రాలేదు, అంతే. చేతిలో కొలతకర్ర ఉంది. పాట సందట్లో ఆవిడ దగ్గరికి వెళ్ళి, గొంతుక్కూర్చుని, పాదం నుంచి పట్టా దాకా కర్ర ఆనించాను.

“ఏం చేస్తున్నారండీ?” అంది ఆవిడ, కంగారుగా కాళ్ళు పైకి లాక్కుంటూ. పెద్దకులం మనిషి తన కాళ్ళ దగ్గర కూర్చోవడం ఆవిడను సందు కంటే ఎక్కువ భయపెట్టింది.

“కొలుస్తున్నానమ్మా. కాళ్ళు దింపు.”

దింపింది. బెత్తెడు తక్కువ.

దొరగారు వచ్చేసరికి ప్రార్థన ముగిసింది. బెంచీ మీద చెయ్యి వేసి, పని చాలా బాగుందని మెచ్చుకున్నారు. సందు ఆయన చూడలేదు. దాని మీద మరియమ్మ ఇంకా కూర్చునే ఉంది.

పలక మార్చి అతుకు లేనిది ఇస్తానని పంతులుతో అన్నాను. వద్దన్నాడు. “అమ్మ ఒప్పుకోదండి,” అన్నాడు. కాళ్ళపీట మాత్రం చేయించి పంపాను. వీరాచారిగారు దాన్ని పడవవాడి చేతికివ్వలేదు. తనే తీసుకెళ్ళాడు. గదిలోకి వెళ్ళి పెట్టి వచ్చాడో, గుమ్మంలోంచి జరిపాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు కాలవలో మునిగినట్టు మాత్రం లేదు. బట్టలు పొడిగా ఉన్నాయి.

వెంకన్నగారికి ఆ శ్రావణంలో అన్నగారింటి పెళ్ళిలో పంక్తిలో విస్తరి వెయ్యలేదు. ఆయన తోటలోనే అన్నం తిన్నారని విన్నాను. నాకేమీ కాలేదు. కొట్టు నడిచింది, బజారు నవ్వి ఊరుకుంది. ఏమీ కాకపోవడమే నన్ను చాలా రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. ఆ తర్వాత కూడా సందు పెట్టిన బెంచీలు అడిగినవాళ్ళు వచ్చారు. ఒక్కరికీ చెయ్యలేదని రాసుకోవాలని ఉంది. ఇద్దరికి చేశాను. మూడోసారి నా నోరు ‘లేదు’ అన్నప్పుడు, వచ్చినవాడికంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను.

ఇద్దరూ నవ్వుతూ లేస్తే అది మంచి బేరమని మా నాన్నగారు నేర్పారు. తోటలో వెంకన్నగారూ నేనూ అలాగే లేచాం. ఆ బేరం ఎవరి మీద ఆడామో ఆ మనిషి అక్కడ లేదు. ఇప్పుడు నాకు వయసు మళ్ళింది. బేరం కుదిరి అటువైపువాడూ నేనూ నవ్వుకుంటున్నామంటే, అది ఎవరి చోటు తగ్గించి కుదిరిందా అని ఒకసారి చుట్టూ చూస్తాను. చాలాసార్లు ఎవరో ఒకరు కనిపిస్తారు. అప్పుడు మళ్ళీ మొదటి నుంచి బేరం ఆడతాను. కొట్టుకు నష్టమే. మా అబ్బాయిలు విసుక్కుంటారు కూడా.